దారం పట్టని చక్రం

కారు ఇచ్చేలోపల చేయవలసినవి:

పొల్యూషన్ కాగితం వెతకాలి.
సీటు కవర్లు ఉతికి ఆరేయాలి.
డిక్కీలో రాలిన కుంకుడుకాయలు ఊడ్చాలి.
బంపరుకు కట్టిన నిమ్మకాయలు తీసేయాలి.
ఎడమ పక్క గీతలకు పాలిష్.
రెండో తాళంచెవి మాస్టారికి.
స్టీరింగ్ లాగుడు - ఇంట్లోనే.

చీటీలో ఉన్నది మామగారు కోటేశ్వర్లు చేతిరాత. చివరి మాట కింద రెండు గీతలున్నాయి. మిగతా ఏ మాటకూ గీత లేదు. హరిత వంటింటి గడపలో నిలబడి ఆ రెండు గీతల వంకే చూస్తోంది.

కారు కొనబోయే మాస్టారు కొనకనమిట్ల నుంచి సాయంత్రం ఐదు గంటలకు వస్తాడు. కారు నడిపి చూసుకుని, నచ్చితే అప్పుడే తీసుకుపోతాడు. ఆ తర్వాత ఆ కారును ఎవరూ ఏమీ అడగలేరు.

పెరట్లో వరుసగా మూడోరోజు దారం కట్టి ఉంది.

కోటేశ్వర్లు మార్కాపురం బజారులో నలభై ఏళ్ళుగా అడవి సరుకు కొని అమ్ముతున్న మనిషి. కొండచీపుర్లు, కుంకుడుకాయలు, చింతపండు, ఉసిరి. అరవై రెండేళ్ళ వయసులో పంచె మోకాళ్ళపైకి బిగించి, స్టీలు స్కేలు పట్టుకుని, చెంప నేలకు ఆనించి కారు పక్కన పడుకున్నాడు. కారుకు రెండు వైపులా ఇనుప కడ్డీలు నిలబెట్టి, చక్రం మధ్యభాగం ఎత్తులో నైలాన్ దారం లాగి కట్టాడు. ముందు చక్రాల కింద రెండేసి పలకరాళ్ళు పరిచాడు. రాళ్ళ మధ్య గ్రీజు. స్టీరింగ్ కదిపినప్పుడు చక్రం నేలను పట్టుకోకుండా జారడానికి.

దారం నుంచి రిమ్ము ముందు అంచుకు ఎంత, వెనక అంచుకు ఎంత అని కొలుస్తాడు. తేడా ఉంటే కింద రాడ్డు నట్టు వదులు చేసి అర చుట్టు తిప్పుతాడు. మళ్ళీ కొలుస్తాడు. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు. లారీల మీద బతికినవాళ్ళు ఒకప్పుడు ఇలాగే చేసుకునేవాళ్ళు. కానీ కోటేశ్వర్లు తన స్కూటరు పంక్చరు కూడా ఏనాడూ తాను వేసుకున్నవాడు కాదు.

కొడుకు మణిదీప్ ఆ మాటే అన్నాడు. కాఫీ గ్లాసు పట్టుకుని మెట్ల మీద కూర్చుని, పొద్దుట్నుంచి నాలుగోసారి.

"టైర్ల షాపుకు పోతే అరగంట పని నాయనా. కెమెరాలు పెడతాడు, కంప్యూటర్లో చూసి తిప్పుతాడు, కాగితం చేతిలో పెడతాడు. ఈ దారాలు ఏంది మూడు దినాలుగా? గాలిపటం ఎగరేస్తాండావా?"

"మిషను ముందర ఉన్నోడు మనిషిని చూసి చెప్తాడు. ఉన్నది లేదంటాడు, లేనిది ఉందంటాడు. దారం అట్ల చెప్పదు."

"మరి మూడు దినాలు అయితాది, ఇది ఏమీ చెప్పలేదే."

"చెప్తాది. నువ్వు లోపలికి పో."

అత్తగారు సీతామహాలక్ష్మి ఇలాంటప్పుడు ఊరుకునే మనిషి కాదు. తండ్రీకొడుకులిద్దరికీ చెరొకటి అంటించి, ఇద్దరినీ నవ్వించి వదిలేది. ఈ రోజు ఆమె పెరటి వైపు వీపు పెట్టి కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తీసిన కాయలకే మళ్ళీ తీస్తోంది. పదిహేడు రోజుల్లో ఆమె ఆ కారెక్కింది ఒక్కసారే. మొన్న గుడికి కూడా ఆటోలో పోయింది. ఎందుకని హరిత అడిగితే ఏసీ పడటం లేదని చెప్పింది.

పదిహేడు రోజులు. హరిత లెక్క అక్కడే ఆగిపోతోంది.

హరితది అర్ధవీడు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషి ఆమే. లెక్కలు చదివింది. మనిషి చేతులు దేని దగ్గర ఆగుతాయో, దేన్ని దాటిపోతాయో గమనించడం ఆమెకు అలవాటు. మామ కొలిచేది మూడు చక్రాలే. ముందువి రెండు, వెనక కుడిది. ఎడమ వైపు వెనక చక్రం మీద గోనెసంచి కప్పి ఉంది. నిన్నా ఉంది, మొన్నా ఉంది.

ఆమె పెరట్లోకి దిగింది.

"మామయ్యా, ఆ చక్రానికి దారం పట్టరా?"

కోటేశ్వర్లు తల ఎత్తలేదు. "వెనకవి స్టీరింగుకు తిరిగేటివి కావు గదమ్మా. వాటికేం అలైన్‌మెంటు?"

"కుడిదానికి పట్టినారు గదా."

స్కేలు దారం మీద ఒక క్షణం నిలిచిపోయింది. తర్వాత ఆయన, ఎండ మండుతోందనీ, మాస్టారు వచ్చే వేళకు మజ్జిగ కలిపి ఉంచమనీ చెప్పాడు.

*

పదిహేడు రోజుల కిందట, శనివారం తెల్లవారుతుండగా, పలకల ఫ్యాక్టరీల వెనక పాత రోడ్డులో పుల్లన్నను ఏదో కారు కొట్టేసి పోయింది.

పుల్లన్నది పుల్లలచెరువు అవతల అడవంచు గూడెం. ఈ దుకాణానికి చీపుర్లు తెచ్చేది ఆయనే. మొదటి బస్సుకు వచ్చి బైపాస్ దగ్గర దిగి, కట్టలు నెత్తిన పెట్టుకుని ఆ పాత రోడ్డున అడ్డంపడి బజారుకు నడిచి వచ్చేవాడు. ఆ రోజు రాలేదు. ఫ్యాక్టరీ కూలీలు గుంతలోంచి పైకి తీశారనీ, మోకాలి కింద ఎముక విరిగిందనీ, గూడెంలోనే కట్టు కట్టించుకుని పడి ఉన్నాడనీ వారం తర్వాత బస్సు కండక్టరు దుకాణం దగ్గర ఆగి చెప్పాడు. ఏ కారో ఎవరూ చూడలేదు.

ఆ వారం హరిత పుట్టింట్లో ఉంది. తిరిగి వచ్చేసరికి కారు స్టీరింగ్ ఎడమకు లాగుతోంది. నాలుగు రోజులకు కారు అమ్మేద్దామన్న మాట మొదలైంది. మొదలుపెట్టింది కోటేశ్వర్లు.

దానికి ముందురోజు, శుక్రవారం రాత్రి మణిదీప్ స్నేహితుడి ఇంట్లో ఫంక్షన్‌కు పోయాడు. అది ఆమెకు తెలుసు. ఎప్పుడు తిరిగి వచ్చాడో తెలియదు.

గదిలో బట్టలు మడతపెడుతూ, తల వంచుకునే అడిగింది. "ఆ శనివారం తెల్లారి మీరు యాడున్నారు?"

మణిదీప్‌కు ఏ శనివారమో చెప్పనక్కరలేకపోయింది. అది ఆమె గమనించింది. ఆమె ఏ లెక్క వేసుకుంటోందో అతనికీ తెలిసిపోయింది.

"నిద్రపోతాండా. ఫంక్షన్ నుంచి పదకొండుకే వచ్చినా. నాయన తలుపు తీసినాడు, పోయి అడుగు."

"మామయ్యను అడిగితే దారం కొలుస్తాడు."

"అంటే? నేను తాగి గుద్దినా, నాయన దాస్తాండాడు. అదేనా నీ చదువు చెప్పింది?"

హరిత మడతపెట్టిన చొక్కాను విప్పి మళ్ళీ మడిచింది. కారును ఇప్పుడే టైర్ల షాపుకు తీసుకుపోదామని అంది. నాలుగు చక్రాలకూ కెమెరాలు పెడితే ఏది వంగిందో, పక్కనుంచి దెబ్బ తగిలి వంగిందో కాదో కాగితం మీద పడుతుంది. ఏమీ లేకపోతే తానే అందరి ముందూ తప్పు ఒప్పుకుంటానంది.

మణిదీప్ లేచి పోయి గది తలుపు దగ్గరికి వేశాడు. దాన్ని కూడా ఆమె తన అనుమానం వైపే తీసుకుంది.

"నాయన ఒప్పుకోడు" అన్నాడు చివరికి.

"అదే అంటాండా. ఎందుకు ఒప్పుకోడు?"

తనమీద పడిన అనుమానం కంటే ఆ ప్రశ్నే అతన్ని ఎక్కువ కుదిపినట్టు కనిపించింది. ఫోను చేతిలోకి తీసుకుని, ఏమీ చూడకుండానే మళ్ళీ మంచం మీద పెట్టాడు.

*

పొల్యూషన్ కాగితం కారులో దొరకలేదు. చీటీలో మొదటి పని అదే కాబట్టి హరిత ఇంటి ముందువైపు దుకాణంలోకి పోయి కాగితాల తీగ దించింది.

ఈ ఇంట్లో కాగితమన్నది పారేయరు. కరెంటు బిల్లు, మందుల చీటీ, పెళ్ళిపత్రిక, ఏది చేతికొచ్చినా కోటేశ్వర్లు గల్లాపెట్టె పక్కన వేలాడే ఇనుప తీగకు గుచ్చేస్తాడు. ఆలోచించి చేసే పని కాదు అది. చేయి దానంతట అదే తీగ వైపు పోతుంది. వాళ్ళ నాయన చేయీ అలాగే పోయేదట.

పైనుంచి పదమూడో కాగితం పెద్దది. నాలుగు మడతలు. మధ్యలో తీగ పొడిచిన రంధ్రం.

హరిత విప్పింది. కారు బొమ్మ, నాలుగు చక్రాలు, ఒక్కో చక్రం పక్కన అంకెలు. మూడింటి పక్కన పచ్చరంగు. వెనక ఎడమ చక్రం పక్కన ఎరుపు. పైన తమ కారు నంబరే. తేదీ ఆ శనివారం తర్వాతి సోమవారం. పని ముగిశాక వేయవలసిన అంకెల గడులన్నీ ఖాళీ. కింద గిద్దలూరులో ఒక అలైన్‌మెంట్ షాపు ఫోను నంబరు. వెనకవైపు పెన్సిలుతో మామ రాసుకున్న లెక్క: ముందు చక్రాలు ఎంతెంత తిప్పాలో.

మిషనును నమ్మనన్న మనిషి, మిషను చెప్పిన అంకెలు చూసుకునే దారం పట్టుకుంటున్నాడు.

మార్కాపురంలో షాపులుండగా గిద్దలూరు దాకా పోయింది ఎందుకో ఆమెకు అర్థమైంది. అక్కడ ఈయనను ఎరిగినవాళ్ళు లేరు. ఆ సోమవారం అత్తామామలు కారులో గిద్దలూరు పోయారనీ, చిన్నమ్మను చూడటానికనీ మణిదీప్ ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది.

బస్తాల వెనక్కి పోయి ఆ నంబరుకు ఫోను చేసింది. ఎత్తిన మనిషి పేరు ఏబేలు. షాపు తనదేనన్నాడు. కారు నంబరు చెప్పగానే గుర్తుపట్టాడు. ఎవరో పెద్దాయన తెచ్చాడనీ, కొలత ఒక్కటే తీయమన్నాడనీ, పని వద్దన్నాడనీ చెప్పాడు.

"వెనకది వంగింది, మార్చాల్సిందే అని చెప్పినా అక్కా. ముందువి దానికి తగ్గట్టు తిప్పితే స్టీరింగ్ నేరుగా నిలబడతాది, కానీ బండి ఒక పక్కకు వాలి పోతానే ఉంటాది, టైర్లు తినేస్తాది అన్నా. స్టీరింగ్ నేరుగా కనపడితే చాలన్నాడు."

"యాడ తగిలిందో చెప్పినాడా?"

"రాయి అన్నాడు. రాయి అట్ల తగలదు." ఏబేలు కొంచెం ఆగాడు. "ఏమనుకోకు అక్కా, ఆయన్ని కాదు నేను చూసింది. పక్కన ఒకమ్మ ఉండె. బండి పైకి లేపాల, దిగండమ్మా అంటే దిగదు. నేనే చేయి పట్టుకోని దింపినా. ఆ ఎండలో ఆయమ్మ చేతులు చల్లగా ఉండె."

*

వంటింట్లో హరిత ఆ కాగితాన్ని చిక్కుడుకాయల చేట పక్కన పెట్టింది. ఏమీ అడగలేదు. మణిదీప్ ఆమె వెనకే వచ్చి నిలబడ్డాడు.

సీతామహాలక్ష్మి కాగితాన్ని చూసింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఎరుపు రంగు మాత్రం చదవగలదు. చేట పక్కకు జరిపి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"వాణ్ణి అనుమానించొద్దు హరితా" అంది. "నేనే నడిపినా."

మణిదీప్ నవ్వబోయాడు. వాళ్ళమ్మ ముఖం చూసి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

రెండు నెలలుగా కారు నేర్చుకుంటున్నానని ఆమె కొడుకుకు చెప్పింది. మీ నాయన కళ్ళకు పొర వస్తోంది, నీకేమో పిలిచినప్పుడు తీరిక ఉండదు, ఎవరినీ అడుక్కోకుండా నా చెల్లెలి దగ్గరికి నేనే పోదామనుకున్నాను అంది. ఈ వయసులో ఏంటని నవ్వుతారని తెల్లవారుజామునే, మనుషులు తిరగని పాత రోడ్డుకు తానూ ఆయనా పోయేవాళ్ళు. లైసెన్సు లేదు. నేర్చుకునేవాళ్ళకు ఇచ్చే ఎల్లెల్లార్ కూడా తీసుకోలేదు.

"ముందర చీపురు కట్టలు పోతాండె. కట్టలే కనపడినాయి నాకు, కింద మనిషి కనపడలేదు. దగ్గరికి వచ్చినాక కాళ్ళు కనపడినాయి. బ్రేకనుకోని ఇంకోటి తొక్కినా. మీ మామ స్టీరింగ్ లాగినాడు. కల్వర్టు గోడకు కొట్టుకుంది. అంతే."

"తగల్లేదు."

ఆ మాట పెరటి తలుపు దగ్గర నుంచి వచ్చింది. కోటేశ్వర్లు గ్రీజు చేతులతో అక్కడ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

"మనిషికి తగల్లేదు. గోడకు తగిలింది. వాడు బెదిరి పక్కకు పడింటాడు."

"పడింటాడు అంటే? మీరు దిగి చూడలేదా మామయ్యా?"

"దిగలేదు. మీ అత్త వణికిపోతాండె. లోపల్నుంచే ఆమెను పక్కకు జరిపి నేను కూచోని నేరుగా ఇంటికి తెచ్చినా. వాడు పుల్లన్న అని కండక్టరు చెప్పిందాకా తెలీదు."

"తెలిసినాక పది రోజులైంది" అంది హరిత.

పొయ్యి మీద పప్పు అడుగంటుతున్న వాసన వస్తోంది. ఎవరూ లేవలేదు.

మణిదీప్ గోడకు చేరగిలబడ్డాడు. భార్య వైపు చూడకుండా, "నన్ననుకున్నావు గదా" అన్నాడు. ఆ మాటకు ఆమె తల వంచుకుంది.

తర్వాత మాట్లాడింది ఆమే. కారు ఈ రోజు ఇవ్వొద్దంది. వంగిన చక్రాన్ని దాచి మాస్టారికి ఇవ్వడం ఒక తప్పనీ, పుల్లన్నకు చెప్పకుండా ఇవ్వడం అంతకంటే పెద్ద తప్పనీ అంది. రేపు పొద్దున్నే నలుగురం గూడేనికి పోదాం, కళ్ళెదురుగా నిలబడి చెబుదాం, కాలు సరిగా పట్టేదాకా పట్నంలో చూపిద్దాం అంది.

కోటేశ్వర్లు అంతా విన్నాడు.

"నువ్వు చెప్పేది చదువుకున్నోళ్ళ మాట. బాగుంది. మీ అత్తను పోలీసు స్టేషన్‌లో కూచోబెట్టిననాడు ఆమె పక్కన ఎవురు కూచుంటారు? నువ్వు కూచుంటావా?"

"కూచుంటా."

ఆయన ఆ జవాబు కోసం సిద్ధపడి లేడు. సీతామహాలక్ష్మి మొదటిసారి కోడలి ముఖంలోకి నేరుగా చూసింది. ఏదో అనబోయింది.

అప్పుడే దుకాణం వైపు నుంచి ఆడగొంతు పిలిచింది. "సెట్టీ. సరుకు తెచ్చినా."

*

దుకాణం మెట్ల మీద ఈశ్వరి కూర్చుని ఉంది. పుల్లన్న భార్య. ఎన్నడూ బజారుకు వచ్చిన మనిషి కాదు. పక్కన ఏడు చీపురు కట్టలున్నాయి. తలగుడ్డ విప్పి మెడ తుడుచుకుంటోంది.

హరిత నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చి ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుంది. కోటేశ్వర్లు వెనకే వచ్చాడు. చేతులు కడుక్కుని, ఆ కట్టలను ఒక్కొక్కటే ఎత్తి గోడ వారగా పెట్టడం మొదలుపెట్టాడు.

పుల్లన్న ఎట్లున్నాడని హరిత అడిగింది.

వెదురు బద్దలు కట్టారనీ, వాపు దిగలేదనీ, నిద్రలో అరుస్తాడనీ ఈశ్వరి చెప్పింది. ఎవరో ఏ కారో తెలియదంది. నెత్తిన కట్టలుంటే చెవులకు ఏమీ వినపడదు, వెనక నుంచి వచ్చింది, గుంతలో పడినాక తల తిప్పలేకపోయాడంది. చెంబెత్తి నీళ్ళు తాగింది. చెంబు కింద పెట్టింది.

"కారు ఆగిందంటక్కా" అంది.

హరిత కదల్లేదు.

"ఆగింది, డోరు తీసినారు, ఎవురో దిగినారు. ఈయప్ప పిలుద్దామంటే గొంతు రాలేదంట. ఇంగ వచ్చి పైకి తీస్తారులే అని చూస్తాండాడంట. ఆ దిగినోళ్ళు రోడ్డు మీద చెదిరిన కట్టలన్నీ ఏరి పక్కన పెడతాండే చప్పుడు వినపడిందంట, ఆపైన కారెక్కి పోయినారంట. నొప్పికి ఏందో కలగన్నాడులే అనుకున్నా నేను. మర్నాడు సరుకు కోసం ఆ తావుకు పోయి చూస్తే, నిజంగానే పెట్టిండారు. ఒకదాని మీద ఒకటి. కుచ్చులన్నీ ఒక దిక్కుకు, మొదళ్ళన్నీ ఒక దిక్కుకు, చేత్తో తట్టి సమం చేసి." ఆమె తలగుడ్డ మడిచి ఒడిలో పెట్టుకుంది. "మా గూడెంలో అట్ల పెట్టరు. మేము నిలబెడతాం."

చెప్పి ఊరుకుంది. సెట్టి వైపు చూడలేదు. దుకాణంలో ఉన్న మనుషుల్లో ఆమె చూడనిది ఆయన్నొక్కణ్ణే.

హరిత చూసింది.

గోడ వారగా ఆరు కట్టలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. కుచ్చులన్నీ గోడ వైపు, మొదళ్ళన్నీ వీధి వైపు. ఏడో కట్ట పైన పెట్టాక, కోటేశ్వర్లు అరచెయ్యి మొదళ్ళను సమం చేయడానికి లేచింది. లేచిన చెయ్యి గాలిలోనే ఉంది.

లోపలి గడప దగ్గర సీతామహాలక్ష్మి అంతా విన్నది. దిగలేదని పదిహేడు రోజులుగా భర్త చెప్పిన మాటనే ఆమె నమ్ముతూ వచ్చింది. ఆ రోజు కళ్ళు మూసుకుని ఉన్న కాసేపట్లో డోరు తీసిన చప్పుడు తాను విన్నదో లేదో ఇప్పుడు గుర్తుచేసుకోవడానికి ప్రయత్నిస్తోంది.

"తూకం వేస్తావా సెట్టీ?" అంది ఈశ్వరి.

ఆయన తక్కెడ వైపు కదల్లేదు.

చదివేవాళ్ళకు ఒక మనవి. ఈ ఇంట్లో నలుగురున్నారు, నలుగురికీ మాటలు వచ్చు. ఎవరి భయం వాళ్ళు చెప్పుకుంటారు, ఎవరి కన్నీళ్ళు వాళ్ళు చూపిస్తారు, మీకు ఒక్కొక్కరి మీదా జాలి కలుగుతుంది. కలగనివ్వండి. కానీ ఆ గుంతలో పడి, కారు డోరు తెరుచుకున్న చప్పుడు విని, ఇంక తనకేం భయం లేదనుకున్న పుల్లన్నను మాత్రం దయచేసి గుర్తుంచుకోండి.